మారతహళ్లి వైపు మా అమ్మాయి స్కూలు: చదువు బాగుంది, పూజల సంగతి మాత్రం ఎవరినీ అడగరు

బెంగళూరులో మారతహళ్లి, మున్నేకొళాల, కుందలహళ్లి గేట్ వైపు కొత్తగా దిగే తెలుగువాళ్లు ఇల్లు దొరగ్గానే అడిగేది స్కూలు గురించే. మా అపార్ట్‌మెంట్‌లో కూడా వేసవి వచ్చిందంటే ఎవరో ఒకరు "అక్కా, మీ పాప వెళ్లే స్కూలు ఎలా ఉంది?" అంటారు. లిఫ్ట్ దగ్గర నిలబడి చెప్పే రెండు ముక్కలు చాలవు, అందుకే వివరంగా రాస్తున్నాను. మా అమ్మాయి ఇప్పుడు నాలుగో తరగతి, ఎల్‌కేజీ నుంచీ అక్కడే. స్కూలు పేరు మాత్రం రాయను. నేను తప్పుపట్టబోయే విషయం ఈ చుట్టుపక్కల చాలా ప్రైవేట్ స్కూళ్లలో ఉన్నదే, ఒక్కళ్ల పేరు పెట్టి వాళ్లనే బోనులో నిలబెట్టడం న్యాయం కాదు.

ముందు చదువు. సీబీఎస్‌ఈ సిలబస్. లెక్కలు చాలా బాగా చెప్తారు, ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. భిన్నాలు కాగితం మడతపెట్టి నేర్పించారు, ఆ వారమంతా మా ఇంట్లో చపాతీ పళ్లెంలో పడగానే ముక్కలు చేసి "అమ్మా, ఇది మూడు బై ఎనిమిది" అని చూపించి గానీ తినలేదు. ఇంగ్లీషు పర్వాలేదు. కన్నడ తప్పనిసరి, కర్ణాటకలో 2015లో చట్టం చేసి 2017-18 నుంచి ఒకటో తరగతితో మొదలుపెట్టి అమలు చేస్తున్నారు, కాబట్టి ఏ స్కూల్లో వేసినా ఇది ఉంటుంది, దాని గురించి టెన్షన్ పడొద్దు, పిల్లలు మనకంటే తొందరగా పట్టేస్తారు. తెలుగు లేదు, ఇంట్లోనే నేర్పించుకోవాలి. లైబ్రరీ చిన్నదే గానీ పుస్తకాలు ఇంటికి ఇస్తారు. బస్సు వర్తూరు రోడ్డు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి, అయితే ఆయమ్మ చాలా జాగ్రత్త మనిషి, ప్రతి పిల్లనీ పేరు పెట్టి పిలిచి దింపుతుంది. ఫీజు లక్ష దాటుతుంది, బస్సు, పుస్తకాలు వేరే.

ఇక నేను రాయాలనుకున్న అసలు సంగతి. వసంత పంచమి దగ్గర పడితే ఈ ఏరియా అంతా స్కూళ్ల ఫ్లెక్సీలే. మా స్కూలుది మూడు భాషల్లో ఉంటుంది. పైన సరస్వతీదేవి, పక్కన పట్టుపావడా కట్టిన చిన్నపాప పలక మీద ఓం రాస్తూ, కింద "సామూహిక అక్షరాభ్యాసం, ప్రవేశం ఉచితం", దాని కింద కొంచెం చిన్న అక్షరాల్లో ఆ రోజే అడ్మిషన్ తీసుకుంటే రిజిస్ట్రేషన్ ఫీజు లేదని, సీట్లు కొన్నే ఉన్నాయని. ఫోన్ నంబర్లకి చోటు చాలక వీణ మీదుగా వేశారు. మన తెలుగు తల్లిదండ్రులకి అక్షరాభ్యాసం అంటే ఎంత పట్టింపో నాకు తెలుసు. మా నాన్న నన్ను బాసర తీసుకెళ్లలేకపోయానని ఇప్పటికీ అంటారు. ఊరికి దూరంగా, అమ్మా నాన్నా అత్తా మామా ఎవరూ పక్కన లేకుండా ఉద్యోగాలు చేసుకునే జంటలకి, ఇంటి పక్క స్కూల్లోనే పురోహితుడిని పెట్టి, పలక వాళ్లే ఇచ్చి, బియ్యం పళ్లెం కూడా సిద్ధం చేస్తామంటే ఆశ పుడుతుంది. అదే రోజు, అదే హాల్లో, పక్క టేబుల్ మీద అడ్మిషన్ ఫారాలు. బిడ్డ చేత మొదటి అక్షరం రాయించి కళ్లు చెమర్చి ఉన్న తల్లి ముందు ఫీజు రసీదు పుస్తకం తెరవడం నాకు అస్సలు నచ్చలేదు. భక్తిని అలా వాడుకోకూడదు.

పండగ అయిపోయాక ఆ ఫ్లెక్సీ ఏమవుతుందో కూడా చెప్తాను. పీకి పక్కన పడేస్తారు. మా వీధి చివర బిల్డింగ్ కడుతున్నచోట ఇసుక కుప్ప మీద కప్పారు. వాన పడి, బురద పట్టి, మడతలో అమ్మవారి ముఖం, దాని మీద అటూ ఇటూ నడిచిన చెప్పుల గుర్తులు. ఆ కూలీలని తప్పుపట్టడానికి లేదు, వాళ్లకి దొరికిన పట్టా అది. నేను రోజూ పొద్దున్నే దీపం పెట్టుకునే మనిషిని. అది చూసి నాకు చాలా బాధేసింది. దేవుడి బొమ్మని ప్రకటనలో పెడితే భక్తి పెరుగుతుందని అనేవాళ్లు ఒకసారి ఆ ఇసుక కుప్ప దగ్గరికి వచ్చి చూడాలి.

అసలు ఇలాంటి ప్రకటనలకి అడ్డు ఏమీ లేదా అని వెతికాను. టీవీకైతే ఉంది. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ రూల్స్‌లో ఏడో రూల్, పూర్తిగా గానీ ముఖ్యంగా గానీ మతపరమైన ఉద్దేశంతో చేసే ప్రకటనలు వేయకూడదంటుంది, ఏ మతాన్నీ కించపరచకూడదని కూడా అంటుంది. అది కేబుల్‌కే గానీ రోడ్డు మీద ఫ్లెక్సీకి రాదు. ప్రకటనల రంగం తనకి తానే పెట్టుకున్న సంస్థ ఒకటుంది, ఆస్కీ, 1985 నుంచి ఉంది, విద్యాసంస్థల ప్రకటనల విషయంలో అది ముఖ్యంగా చూసేది ర్యాంకులు, ఉద్యోగాలు, గుర్తింపు గురించి చెప్పుకునే గొప్పలకి రుజువులు ఉన్నాయా అని. అగరబత్తులకి "రామాయణ్" అనే పేరు మీద ఒకరు సొంత హక్కు అడిగితే, పవిత్ర గ్రంథం పేరు ఏ ఒక్క వ్యాపారికీ సొంతం కాదని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. అంటే వ్యాపారంలో దేవుడి పేరు వాడుకోవడానికి ఎక్కడో ఒక గీత ఉండాలన్న ఆలోచన మన చట్టానికి కొత్త కాదు. ఇక బెంగళూరులో ఫ్లెక్సీల సంగతంటారా, 2018లో హైకోర్టు గట్టిగా మందలించాక అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ వాటిని నిషేధించింది. ఎంత అమలవుతోందో మారతహళ్లి బ్రిడ్జి దిగేవాళ్లందరికీ తెలుసు. పిల్లలకి విలువలు నేర్పిస్తామని రాసిన బోర్డే ఊళ్లో నిషేధం ఉన్న బోర్డు కావడం స్కూలు ఆలోచించుకోవాల్సిన విషయం.

ప్రకటన ఒక ఎత్తు, లోపల జరిగేది ఒక ఎత్తు. రోజూ అసెంబ్లీలో గణపతి శ్లోకం, సరస్వతి శ్లోకం, గురుబ్రహ్మ, ఆ తర్వాత జాతీయ గీతం. డైరీ మొదటి పేజీలోనే ఇవన్నీ అచ్చు వేశారు, కింద "అందరూ కంఠస్థం చేయవలెను" అని. నాలుగో తరగతి ప్రోగ్రెస్ కార్డులో ఆటలు, బొమ్మలు, సంగీతం పక్కన శ్లోక పఠనానికి కూడా గ్రేడు ఉంది. మా అమ్మాయికి ఏ వచ్చింది. మా పక్క బ్లాకులో గుంటూరు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం ఉంది, వాళ్ల బాబుది ఇదే తరగతి. వాడికి సి. వాడి గొంతు మంచిదే, చర్చిలో పాడతాడు. ఇంట్లో ఎవరూ నేర్పని శ్లోకం వాడికి ఎలా వస్తుంది? వాళ్ల నాన్నని అడిగాను, స్కూల్లో మాట్లాడకపోయారా అని. "ఎందుకులే అక్కా, ఫీజు కట్టేశాం. ఇప్పుడు నోరు తెరిస్తే వాడిని వేరుగా చూస్తారు. ఇంకో స్కూలు వెతకాలంటే మళ్లీ డొనేషన్లు, టెస్టులు, ఎవరి వల్ల అవుతుంది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కోపం కూడా లేదు. అలవాటైపోయింది, అంతే.

ఇంకోటి దసరా సెలవుల ముందు జరిగింది. స్కూల్లో సరస్వతి పూజ పెట్టారు, పుస్తకాలన్నీ దేవుడి ముందు పేర్చారు, పిల్లల్ని వరసలో నిలబెట్టి టీచర్లు కుంకుమ పెట్టారు. మా అమ్మాయి పక్కన కూర్చునే ముస్లిం పాప నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుందట. టీచర్ నవ్వుతూనే "అందరూ పెట్టుకున్నారు కదా బంగారం" అని చెయ్యి తీసి పెట్టేసింది. సాయంత్రం బస్సులో ఆ పాప తన స్టాపు రాకముందే వాటర్ బాటిల్ మూత తీసి, జేబురుమాలు తడిపి, నుదురు ఎర్రబడేదాకా తుడుచుకుంది. అప్పటికీ కొంచెం మిగిలిందేమోనని మా అమ్మాయిని చూడమని అడిగిందట. ఇంటికొచ్చి మా అమ్మాయి నన్ను అడిగింది, తను ఎందుకమ్మా అంత గట్టిగా తుడుచుకుంది, నొప్పి పుట్టదా అని. ఆ టీచర్ నాకు తెలుసు, పిల్లలంటే ప్రాణం పెట్టే మనిషి. ఆవిడ మనసులో చెడు లేదు. పెట్టనా వద్దా అని అడగాలన్న సంగతి ఆవిడకి స్కూల్లో ఎవరూ చెప్పలేదు, లోటంతా అక్కడే ఉంది.

అడగాలని మన రాజ్యాంగంలోనే ఉంది. 28వ అధికరణంలో మూడు భాగాలున్నాయి. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే స్కూళ్లలో మతబోధ ఉండకూడదు అన్నది మొదటిది, అది చాలామందికి తెలుసు. రెండోది, ప్రభుత్వం నడుపుతున్నా మతబోధ చేయాలన్న షరతుతో ఏదైనా ట్రస్టు కింద పుట్టిన సంస్థలకి మినహాయింపు. మనకి కావాల్సింది మూడోది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ సాయం తీసుకునే ఏ విద్యాసంస్థలోనైనా, మతబోధకి గానీ పూజకి ప్రార్థనకి గానీ హాజరు కావాలని ఎవరినీ బలవంతపెట్టకూడదు, ఒప్పుకుంటేనే, చిన్నపిల్లలైతే తల్లిదండ్రులో సంరక్షకులో ఒప్పుకుంటేనే. "గుర్తింపు ఉన్న" అనే మాట గమనించండి. మనం లక్షలు పోసే ప్రైవేట్ స్కూళ్లు కూడా అందులోకి వస్తాయి. ప్రైవేట్ కదా వాళ్లిష్టం అనుకునేవాళ్లు మన గ్రూపుల్లో చాలామంది ఉన్నారు, అందుకే ఇంత విడమరిచి చెప్తున్నాను.

మరి సమ్మతి తీసుకున్నారా? అడ్మిషన్ ఫారం కాపీ తీసి చూశాను. చివరి పేజీలో, ఫీజు తిరిగి ఇవ్వబడదు అనే లైను కింద, "పాఠశాల నిర్వహించు అన్ని కార్యక్రమములలో నా బిడ్డ పాల్గొనుటకు అంగీకరించుచున్నాను" అని ఉంది. ఆటల పోటీ, పిక్నిక్, పూజ, అన్నీ ఆ ఒక్క లైనులోనే. అందరం సంతకం పెట్టాం. పెట్టకపోతే సీటు రాదు. సీటు కోసం పెట్టే సంతకాన్ని పూజకి ఒప్పుకున్నట్టు చూపించడం నాకు సరిగ్గా అనిపించలేదు, అది చదివి ఆలోచించి ఇచ్చిన సమ్మతి కాదు.

ఇది హిందూ స్కూళ్ల మీద కోపంతో రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే, ఇదే బెంగళూరులో 2022 ఏప్రిల్‌లో జరిగినది గుర్తు చేసుకోండి. ఒక పాత క్రైస్తవ పాఠశాల అడ్మిషన్ ఫారంలో, పిల్లలు బైబిల్ పట్టుకెళ్లడానికి అభ్యంతరం చెప్పబోమని తల్లిదండ్రుల చేత రాయించుకుంటున్నారని పెద్ద గొడవ అయింది, టీవీల్లో రోజుల తరబడి చూపించారు. 30వ అధికరణం మైనారిటీలకి తమ సంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది నిజమే, అయినా వేరే మతం పిల్లల్ని మతబోధకి కూర్చోబెట్టాలంటే 28(3) వాళ్లకీ వర్తిస్తుంది. అప్పుడు మన అపార్ట్‌మెంట్ గ్రూపులో "సమ్మతి లేకుండా ఎలా చేస్తారు" అని మండిపడ్డ వాళ్లే, మన స్కూల్లో కుంకుమ సంగతి ఎత్తితే "అది మన సంప్రదాయం కదా" అన్నారు. అప్పుడు అడిగిన ప్రశ్న సరైనదే. అదే ప్రశ్న ఇక్కడా అడగాలి. నేను చిన్నప్పుడు కడపలో కాన్వెంట్‌లోనే చదువుకున్నాను. మతం క్లాసు వచ్చిందంటే క్యాథలిక్ పిల్లలు క్యాటకిజానికి వేరే గదిలోకి వెళ్లేవాళ్లు, మిగతావాళ్లం మోరల్ సైన్స్‌కి కూర్చునేవాళ్లం. టైంటేబుల్‌లోనే అలా రాసి ఉండేది. నన్నెవరూ ఏసుప్రభువుకి దండం పెట్టమని అనలేదు. ఆ సిస్టర్లు చేసిన ఏర్పాటు ఇప్పటి స్కూళ్లకి ఎందుకు కష్టమో నాకు అర్థం కావడం లేదు.

ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. కూర్చోబెట్టి ఓపికగానే విన్నారు. "ఇది కల్చర్ మేడమ్, రిలీజియన్ కాదు. క్రిస్మస్ కూడా చేస్తాం కదా. అయినా పేరెంట్స్‌కి కావాల్సింది ఇదే, ఇది చూసే వస్తున్నారు" అన్నారు. క్రిస్మస్‌కి ఎర్ర టోపీలు పెట్టి కేకు కోస్తారు, అంతవరకే, ఏ పిల్లనీ మోకరిల్లమనరు. అక్కడ పండగని చూపిస్తున్నారు, ఇక్కడ పూజ చేయిస్తున్నారు, రెండూ ఒకటి కాదు. ఇక పేరెంట్స్‌కి కావాల్సింది ఇదే అన్న మాట గురించి. ఫ్లెక్సీ మీద దేవుడిని పెట్టి పిలిస్తే అది ఇష్టపడేవాళ్లే ఎక్కువ వస్తారు, వచ్చినవాళ్లని చూపించి అందరికీ ఇదే ఇష్టమంటారు. ఇంకో స్కూలు వెతుక్కోలేక ఇక్కడే ఉండిపోయినవాళ్లు, ఆ గుంటూరు కుటుంబం లాంటివాళ్లు, ఆ లెక్కలోకే రారు.

ఇప్పుడు ఈ స్కూల్లో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం చెప్పాలి, అది కూడా మతం గురించినదే. పోయిన ఏడాది సోషల్ టీచర్ పిల్లలకి బెంగళూరు కరగ మీద ప్రాజెక్టు ఇచ్చారు. కొత్తగా వచ్చినవాళ్లకి తెలియకపోవచ్చు, చైత్ర పౌర్ణమి రాత్రి పేటలోని ధర్మరాయస్వామి గుడి నుంచి బయలుదేరుతుంది, ద్రౌపదీదేవికి చేసే ఉత్సవం, తిగళ సమాజం వాళ్లు తరతరాలుగా చేస్తున్నారు. కరగ మోసే ఆయన చీర కట్టి, గాజులు వేసుకుని, తల మీద మల్లెపూల గోపురం చేత్తో పట్టుకోకుండా నడుస్తాడు, చుట్టూ కత్తులు పట్టుకున్న వీరకుమారులు. ఆ ఊరేగింపు కాటన్‌పేటలో మస్తాన్ సాహెబ్ దర్గా దగ్గర ఆగుతుంది, ఆగాకే ముందుకి వెళ్తుంది. టీచర్ పిల్లల్ని ఆ దారి గీయమన్నారు, దారిలో ఏ పేట వస్తుందో, ఆ పేటలో పూర్వం ఏ పని చేసేవాళ్లుండేవారో రాయమన్నారు, దర్గా దగ్గర ఎందుకు ఆగుతారని పెద్దవాళ్లని అడిగి రమ్మన్నారు. మా అమ్మాయి, ఆ ముస్లిం పాప, గుంటూరు బాబు ఒకే గ్రూపు. మా డైనింగ్ టేబుల్ మీద చార్టు పరిచి, మల్లెపూలకి దూది ఉండలు అంటిస్తూ, కత్తి ఎవరు గీయాలని కొట్లాడుకున్నారు. దర్గా గుమ్మటం ఎలా ఉంటుందో ఆ పాప వాళ్ల తాతని ఫోన్‌లో అడిగి గీసింది. ఎవరికీ శ్లోకం రాలేదని సి పడలేదు, ఎవరూ నుదురు తుడుచుకోలేదు. ముగ్గురికీ ఒకరి ఇంటి నమ్మకం గురించి ఇంకొకరికి మర్యాదగా మాట్లాడటం వచ్చింది. ఇలాంటి పాఠం వారానికొకటి చెప్తామంటే ఇంకో పదివేలు ఫీజు ఎక్కువైనా కడతాను.

స్కూల్లో మతం మాటే ఎత్తకూడదని నేను అనడం లేదు, అలా అనేవాళ్లతో నాకు కుదరదు కూడా. మతం తెలియకుండా ఈ దేశంలో చరిత్ర ఏం చెప్తారు, సంగీతం ఏం చెప్తారు? బసవన్న లేకుండా కన్నడ చెప్పలేరు, అన్నమయ్య లేకుండా తెలుగు చెప్పలేరు. 1964-66లో కొఠారీ కమిషన్ ఈ తేడాని స్పష్టంగా చెప్పింది: ఒక మతాన్ని ఆచరించమని నేర్పడం వేరు, మతాల గురించి తెలియజెప్పడం వేరు. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా, మతాల గురించి చదువు చెప్పడం రాజ్యాంగం వద్దన్న మతబోధ కిందికి రాదని తీర్పు ఇచ్చింది. కరగ ప్రాజెక్టు ఆ రెండో రకం. ప్రోగ్రెస్ కార్డులో శ్లోకం గ్రేడు మొదటి రకం. ఒకే స్కూల్లో రెండూ ఉన్నాయి, ఏది మంచిదో వాళ్ల టీచర్లే చేసి చూపించారు.

అసెంబ్లీ ప్రార్థన విషయంలో మాత్రం అన్నీ తేలిపోయాయని చెప్పను. కేంద్రీయ విద్యాలయాల్లో చదివించే "అసతోమా సద్గమయ" ప్రార్థన మీద వేసిన కేసుని 2019 జనవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది. కాబట్టి శ్లోకం చదవడమే తప్పని నేను వాదించను, నాకైతే ఆ ప్రార్థన చాలా ఇష్టం కూడా. చదవనివాడిని ఏం చేస్తారన్నదే నా ప్రశ్న. దానికి జవాబు ఎప్పుడో వచ్చింది. 1985లో కేరళలో ముగ్గురు పిల్లల్ని, యెహోవా సాక్షుల కుటుంబం వాళ్లని, జాతీయ గీతం పాడలేదని స్కూల్లోంచి తీసేశారు. వాళ్లు గీతానికి లేచి మర్యాదగా నిలబడేవాళ్లే, వాళ్ల నమ్మకం ఒప్పుకోక పాడేవాళ్లు కాదు. 1986లో సుప్రీంకోర్టు వాళ్లని మళ్లీ చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా చేసినాయన. జాతీయ గీతం విషయంలోనే మర్యాదగా నిలబడితే చాలన్నప్పుడు, శ్లోకం రాలేదని పిల్లాడికి గ్రేడు తగ్గించడం ఎలా కుదురుతుంది?

భోజనం సంగతి కూడా ఒక మాట. మా స్కూల్లో బాక్సులో గుడ్డు కూడా తేకూడదు, డైరీలో ఉంది. 2021 డిసెంబరులో కర్ణాటక ప్రభుత్వం కల్యాణ కర్ణాటక, అంటే రాష్ట్రంలో ఈశాన్యం వైపు జిల్లాల ప్రభుత్వ బడుల్లో గుడ్డు మొదలుపెడితే కొన్ని మఠాలు వద్దన్నాయి, పిల్లలు మాత్రం మాకు కావాలని ధైర్యంగా చెప్పారు. మేం ఇంట్లో గుడ్డు తినం. అయినా పక్క పిల్ల డబ్బాలో ఉడికిన గుడ్డు ఉంటే మా అమ్మాయికి వచ్చే నష్టం ఏమీ లేదు. వాసన అంటారు, వంకాయ కూరకీ వాసన ఉంటుంది.

కొందరం తల్లిదండ్రులం కలిసి ప్రిన్సిపాల్‌కి కాగితం మీద రాసిచ్చాం, అన్ని మతాలవాళ్లమూ సంతకం పెట్టాం. నోటిమాటగా చెప్పినప్పుడు రాని కదలిక రాతలో ఇచ్చాక వచ్చింది, ఇది మీరు కూడా గుర్తుపెట్టుకోండి. గుంటూరు ఆయన మొదట వద్దన్నాడు, నా సంతకం పైన చూశాక "నువ్వు పెట్టావు కదా అక్కా, నేనూ పెడతా" అన్నాడు. తర్వాత వచ్చిన పూజకి డైరీలో చీటీ అంటించి పంపారు, పాల్గొనడం మీ ఇష్టం, వద్దనుకుంటే పిల్లలు లైబ్రరీలో ఉంటారు, కింద టిక్ పెట్టి సంతకం చేసి పంపండి అని. నేను పాల్గొంటుందని టిక్ పెట్టాను. మా అమ్మాయి సంతోషంగా పట్టుపావడా కట్టుకుని వెళ్లింది. లైబ్రరీకి వెళ్లినవాళ్లకి అక్కడ టీచర్ కథ చెప్పారట, అది కూడా మంచి ఏర్పాటే, ఒంటరిగా కూర్చోబెట్టలేదు. శ్లోకం గ్రేడు గురించి "వచ్చే ఏడాది చూస్తాం" అన్నారు, వదిలిపెట్టను, మళ్లీ అడుగుతాను. ఫ్లెక్సీ గురించి మాత్రం మేనేజ్‌మెంట్ విషయం అని తప్పించుకున్నారు, మళ్లీ వసంత పంచమికి అదే ఫ్లెక్సీ, తేదీ మార్చి కట్టారు.

అయిదుకి మూడు ఇస్తున్నాను. చదువుకి, టీచర్లకి, ఆయమ్మకి నాలుగున్నర. ప్రకటనకి ఒకటి కూడా ఎక్కువే. ఆ చీటీ రాకముందు ఈ రివ్యూ రాసి ఉంటే మొత్తం రెండే ఇచ్చేదాన్ని.

అడ్మిషన్లు ఇక్కడ చలికాలంలోనే మొదలైపోతాయి, ఏప్రిల్ దాకా ఆగితే సీట్లు ఉండవు. ఏ స్కూలుకి వెళ్లినా ఏసీ క్లాసు, స్మార్ట్ బోర్డు చూపిస్తామంటారు, చూడండి, దాంతోపాటు పొద్దున్నే వెళ్లి ఒక అసెంబ్లీ చూడనివ్వమనండి. కుదరదంటే పాత డైరీ, నాలుగైదు తరగతుల ప్రోగ్రెస్ కార్డు నమూనా అడగండి, ఏ విషయాలకి గ్రేడు వేస్తారో అందులో కనిపిస్తుంది. ఫారం చివరి పేజీ చదవండి, "అన్ని కార్యక్రమములలో" అనే లైను కనిపిస్తే దాని పక్కనే "మతపరమైన వాటికి విడిగా మా అనుమతి తీసుకోవాలి" అని పెన్నుతో రాసి సంతకం పెట్టండి, ఒక ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి. మీరు ఏ మతంవాళ్లయినా సరే రాయండి, పూజ మీకు ఎంత ఇష్టమైనా సరే. ఈ మధ్య మా అపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన ఒక అనంతపురం జంట అలాగే రాసి ఇచ్చారు, ఆఫీసులో అమ్మాయి ఒకసారి చదివి, ఏమీ అనకుండా స్టాంపు వేసి తీసుకుంది.